మనిషి కనబడని వారం

కొండలను నిలబెట్టి, వాటి నడుమ లోయకు చోటిచ్చి, లోయ మీద తెల్లవారుజామున మంచు దుప్పటి కప్పి, తొమ్మిదింటికల్లా తానే మడిచి తీసేసే దేవునికి స్తోత్రం. నాలాంటి పనివాణ్ణి ముప్పై ఏళ్ళు పనిలో ఉంచుకుని ఒక్కసారి కూడా పొమ్మనని ఆయన ఓర్పుకు స్తోత్రం. మేము తప్పు చేసిన చోట కూడా ఆయన తన పని తప్పకుండా చేసుకుపోతాడు. అందుకు మరీ మరీ స్తోత్రం. ఇది చెప్పకుండా ఈ సంగతి మొదలుపెడితే, జరిగిందంతా నా తెలివి వల్లే జరిగిందని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

హోటళ్ళలో, గెస్ట్ హౌసుల్లో కొత్తగా పనికి కుదిరిన తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను అరకులో మిషన్ వారి గెస్ట్ హౌసులో మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఎనిమిది గదులు, ఒక భోజనాల హాలు, వరండా నిండా కుర్చీలు. గది ఇవ్వడం, వేణ్ణీళ్ళు పెట్టించడం, రైలు ఆలస్యమైతే ఓదార్చడం, ఇంతే మా పని. దీనికి తోడు నాకు ఒక పేరుండేది. ఏ నెలలో వస్తే లోయలో ఏముంటుందో నన్ను అడిగితే చాలని విశాఖపట్నంలో చాలామంది అనుకునేవారు. ఆ పేరు విని నేను పొంగిపోయేవాణ్ణి. గర్వం ఎంత చిన్నదైనా దేవుడు దాన్ని కడిగేస్తాడు. నా విషయంలో ఏ నీళ్ళతో కడిగాడో ముందు ముందు చెబుతాను.

నేను రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, క్రిస్మస్ రద్దీలో ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"అంకుల్, మేం డెస్టినేషన్ ఎలోప్‌మెంట్ ప్లాన్ చేస్తున్నాం. ఏ సీజన్ బావుంటుంది?"

డెస్టినేషన్ తెలుసు. రెండోది తెలియలేదు. అడిగితే చెప్పింది.

"అంటే... లేచిపోవడమా తల్లీ?"

"అలాంటిదే అంకుల్. కానీ పద్ధతిగా. ఇద్దరమే వస్తాం. చుట్టాలుండరు, భోజనాలుండవు, గొడవ ఉండదు. కొండల్లో ప్రమాణాలు చేసుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతాం. ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారు."

"లేచిపోయేవాళ్ళు సీజన్ చూడరమ్మా, బస్సు టైము చూస్తారు."

పకపకా నవ్వింది. అబ్బాయి పక్కనే ఉన్నట్టున్నాడు, వాడూ నవ్వాడు. ఇద్దరూ ఒకే ఆఫీసులో కంప్యూటర్ల పని. ఇద్దరూ మన విశ్వాసులే. మరి లేచిపోవడం ఎందుకు?

మెల్లగా రాబట్టాను. అమ్మాయి వాళ్ళు ప్రొటెస్టెంట్లు, అబ్బాయి వాళ్ళు కేథలిక్కులు. పెళ్ళికి రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు. ఏ గుడిలో అన్నదగ్గరే ఆగిపోయింది. అమ్మాయి తండ్రి తన సంఘానికి సెక్రటరీ. చనిపోయిన భార్య ఆ గుడి క్వయర్‌లో పాడేది, కాబట్టి పెళ్ళి అక్కడే అన్నాడు. అబ్బాయి తల్లి విధవరాలు. ఒక్కగానొక్క కొడుకును తన గుడిలో మాత గారి ముందు నిలబెడతానని వాడు పుట్టినప్పుడే మొక్కుకుంది. సంవత్సరంన్నర ఇద్దరూ తగ్గలేదు. పిల్లలు విసిగిపోయి రెండు గుళ్ళూ వద్దన్నారు. ఆ మాట అన్న రోజు నుంచీ తండ్రి కూతురి ఫోన్ ఎత్తడం మానేశాడు.

"నాన్న మాట్లాడి మూడు నెలలైంది అంకుల్. పర్లేదు," అంది.

ఆ ఫోన్లో "పర్లేదు" అని మూడుసార్లు అంది. అడగకుండా మూడుసార్లు చెప్పే మాట ఏదీ నిజం కాదని ముప్పై ఏళ్ళు రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది. తెలిసి కూడా నేనేం చేశాను? గోడ మీద సంఘం క్యాలెండర్ తీసి ముందు పెట్టుకుని సీజన్ వెతికాను.

డిసెంబరు, జనవరి కుదరవు. లోయంతా పసుపు పరిచే వలిసె పూలు చూడ్డానికి వచ్చిన జనం మధ్య ప్రమాణాలు చేసుకోవాలంటే టోకెన్ తీసుకోవాలి. ఫిబ్రవరి నుంచి శ్రమకాలం. ఉపవాస దినాల్లో పెళ్ళి మాట నా నోటితో చెప్పలేను. జూన్ నుంచి వాన, జలగలు, రైలు పట్టాల మీద కొండ చరియలు. అక్టోబరు వచ్చిందంటే తుఫానుల భయం. ఇక మిగిలింది ఈస్టర్ తరువాతి రోజులు. అప్పటికి వేసవి జల్లు ఒకటి పడి ఉంటుంది. జల్లు పడిన వారం పది రోజులకు కాఫీ తోటలు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. కొమ్మకొమ్మకూ మల్లెలు కట్టినట్టు ఉంటుంది. ఆ పూత రెండు మూడు రోజులే. ఆ వాసనకు, పాపం చేసి వచ్చినవాడు కూడా వరండాలో మౌనంగా కూర్చుంటాడు.

పైగా ఈస్టర్ తరువాత రెండో వారం మా గదులన్నీ ఖాళీ. పాత రిజిస్టర్లు తీసి చూశాను. ప్రతి ఏడూ ఆ వారం ఖాళీయే. అమ్మాయికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"రెండో వారం రండి. తోట చూపిస్తాను. మనిషి కనబడడు."

గదులు ఖాళీగా ఉంటాయని రిజిస్టర్ చెబుతుంది గాని, ఎందుకు ఖాళీగా ఉంటాయో అందులో రాసి ఉండదు. నన్ను చూసి నేర్చుకోండి తమ్ముళ్ళారా. ఎందుకో తెలియాలంటే రిజిస్టర్ మూసి కిటికీ తెరవాలి. నాకు ఆ కిటికీ మూసి ఉంచడమే అలవాటు. కొత్తలో నాకు పని నేర్పిన పెద్దాయన మంచి భక్తుడు. "చైత్రమాసంలో వీళ్ళ పండగ ఒకటి వస్తుంది. డప్పులు, ఆటలు. మనకు సంబంధం లేదు, అటు చూడకు," అన్నాడు. నేను అటు చూడకపోవడమే కాదు, అసలు ఆ వారం కొండ మీద ఉండేవాణ్ణే కాదు. ఈస్టర్ అయిన వెంటనే కుటుంబంతో కిందికి, పార్వతీపురం వైపు ప్రార్థన కూటాలకు వెళ్ళిపోయేవాణ్ణి. మా వంటావిడ కూడా ఏటా అదే వారం సెలవు పెట్టేది. మా సంఘ సభ్యురాలే, ఆరాధనకు తప్పదు, సాక్ష్యం చెబితే ఏడిపిస్తుంది. సెలవు చీటీలో "సెల్లి ఊరు ఎల్లాల" అని రాయించేది. పదమూడేళ్ళు ఆ చీటీ మీద సంతకం పెట్టాను. ఆ చెల్లెలు ఏటా ఆ ఒక్క వారమే ఎందుకు గుర్తొస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ ఏడు మాత్రం పిల్లలకు మాటిచ్చాను కాబట్టి కూటాలు మానేసి కొండ మీదే ఉన్నాను.

పిల్లలిద్దరూ బుధవారం సాయంత్రం దిగారు. అమ్మాయి సన్నగా, గలగలా మాట్లాడుతుంది. అబ్బాయి పొడుగు, మెత్తన. చేతిలో కెమెరా నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు, ముఖంలో నమ్మకం. రిజిస్టర్ పెళ్ళి సోమవారమే విశాఖలో అయిపోయింది, కాగితం చూపించారు. దేవుని ముందు ప్రమాణాలే మిగిలాయి. లోయలోని మా పాస్టరు గారు ఆ కాగితం రెండుసార్లు చదివి, మర్నాడు పొద్దున్నే ఏడింటికి తోటకు వచ్చి ప్రార్థన చేస్తానన్నారు.

గురువారం ఆరింటికి జీపెక్కాం. నేను తెల్ల చొక్కా వేసుకున్నాను. అబ్బాయిది గంధం రంగు సూటు. అమ్మాయిది తెల్ల చీర, వాళ్ళమ్మ పెళ్ళి చీరట. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యేసి నన్ను అదోలా చూశాడు.

"సారూ, ఇయ్యాల ఆ రోడ్డు మీదేనా?"

"ఏం, రోడ్డు బాగాలేదా?"

"రోడ్డుకేటి, బంగారం. మీరెప్పుడూ ఈ వారం ఊర్లో ఉండరు గదా అని."

"అయితే?"

"ఏటీ నేదు. సూత్తారు గదా," అని గేరు వేశాడు.

రెండు కిలోమీటర్లు పోయాక, మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు. దాని వెనుక ఊరి ఆడవాళ్ళంతా. కొప్పుల్లో పూలు, చేతుల్లో చేతులు. పక్కన డప్పులు, సన్నాయి. మనిషి కనబడని ఆ వారంలో ఆ ఒక్క బొంగు దగ్గరే నలభై మంది కనబడ్డారు.

"ఇటుకల పండగ సారూ," అన్నాడు డ్రైవరు ఇంజను ఆపి. "మగోళ్ళు ఏటకెళ్తారు. ఆడోళ్ళు రోడ్లు కట్టేత్తారు. ఆట ఆడితేగానీ, పాట పాడితేగానీ, సేతిలో ఏటన్నా పెడితేగానీ ఒగ్గరు. ఇలాంటి గేట్లు తోట దాకా ఇంకో మూడున్నాయి. అందుకే ఈ వారం టూరిస్టులు రారు గదా?"

ముప్పై ఏళ్ళ రిజిస్టర్ అర్థం నాకు ఆ క్షణాన తెలిసింది.

అంతలో ఆడవాళ్ళు జీపు చుట్టూ మూగారు. ముందు ఒక ముసలావిడ, ముక్కుకు మూడు పోగులు, చేతిలో కుండ. ఆమె వెనుక, డప్పుకు తగ్గట్టు అడుగు వేస్తూ, గొంతెత్తి పాట అందిస్తూ, మా వంటావిడ!

నన్ను చూసి ఆమె అడుగు గాలిలోనే ఆగిపోయింది. పాట ఆగలేదు, వెనక నలభై మంది అందుకున్నారు.

"అయ్యగారు... కూటాలకెల్లనేదా?" అంది, నేనేదో తప్పు చేసినట్టు.

"మీ చెల్లెలి ఊరికి వెళ్ళలేదా?" అన్నాను నేను.

"ఇదే అయ్యగారూ సెల్లి ఊరు," అని పక్కనున్న ఆవిణ్ణి చూపించింది. చెల్లెలు నవ్వి దండం పెట్టింది. పదమూడేళ్ళుగా చీటీలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ముసలావిడ నా చొక్కా పట్టుకుని జీపు దించింది.

"ఏటి తెచ్చినావు బాబూ ఏటనించి?"

"మేము వేటకు వెళ్ళలేదమ్మా."

"ఎల్లనేదా! ఎల్లి వట్టి సేతుల్తో వొచ్చినోడికే మేం పేడ నీలు పోత్తాం. అసలెల్లనోడికి ఏటి పోయాల?"

ఇది వాళ్ళ ఆచారమట. ఇప్పుడు అడవిలో వేటాడ్డానికి పెద్దగా ఏమీ లేదు, చట్టమూ ఊరుకోదు. మగవాళ్ళు అడవికి వెళ్ళి చెట్ల కింద నిద్రపోయి వస్తారు. జంతువులు తగ్గాయి గాని పేడ నీళ్ళు తగ్గలేదు. ఇదంతా డ్రైవరు నాకు వివరిస్తూ ఉండగానే కుండ ఒంపేశారు. నెత్తిమీద నుంచి కాలి బూటు దాకా. ముందే చెప్పాను, గర్వాన్ని దేవుడు కడుగుతాడని.

రెండో కుండ అబ్బాయి మీదికి లేచింది. వాడు స్టాండును డాలులా అడ్డం పెట్టుకున్నాడు. ముసలావిడ వాడి వెనుక ఉన్న అమ్మాయిని చూసి కుండ దించేసింది.

"ఈడికి వొద్దే! ఈడు వట్టి సేతుల్తో రానేదు. ఎంత సక్కటి గుంటని తెచ్చినాడో సూడండి!"

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. అమ్మాయీ నవ్వింది. నవ్వుతూ, అడగని మాట ఒకటి చెప్పింది.

"అవునండీ, మేం ఎలోప్ అయ్యాం."

"ఏటంతంది?" అని అడిగింది ముసలావిడ.

డ్రైవరు మంచి మనసుతో తర్జుమా చేశాడు. "లేసొచ్చేసినారంట."

డప్పులు ఆగిపోయాయి. సన్నాయి ఒక్కటి కాసేపు కూసి, ఎవరూ తోడు రావడం లేదని తెలుసుకుని ఆగింది. ముసలావిడ కుండ కింద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె ముఖంలో ఇప్పుడు పండగ లేదు.

"గుంట అయ్యకి తెలుసా?"

అమ్మాయి నవ్వు సగంలో ఆగింది. "తెలీదు. పర్లేదండీ."

"పర్నేదేటి?"

మా వంటావిడ నన్ను పక్కకు లాగింది. మెల్లగా చెప్పింది. ఆ కొండల్లో పిల్లలు లేచిపోయి పెళ్ళి చేసుకోవడం తప్పేమీ కాదట, పాత పద్ధతేనట. కాని దానికో క్రమం ఉంది. లేచొచ్చిన పిల్ల ఏ ఊరు చేరితే ఆ ఊరి ఆడవాళ్ళు ఆమెను తమ ఇంట్లో పెట్టుకుంటారు. పిల్ల తండ్రికి కబురు పంపుతారు. తండ్రి తిడతాడో, ఏడుస్తాడో, వస్తాడో, ఏదో ఒక మాట అనాలి. ఆ మాట వచ్చేదాకా పిల్లనూ పిల్లాడినీ కలిపి గడప దాటనివ్వరు.

"కాగితం ఉందమ్మా, సోమవారమే సంతకాలయ్యాయి," అన్నాడు అబ్బాయి, ఫోనులో ఫోటో చూపిస్తూ.

"కాయితం కన్నదేటి గుంటని?" అంది ముసలావిడ.

అమ్మాయికి కోపం వచ్చింది. "ఆయన మాట్లాడరండీ! ఏడు నెలల నుంచి నా ఫోన్ ఎత్తలేదు. ఆయనకి నాకంటే గుడే ఎక్కువ. మేం ఎవరినీ ఏం అడగలేదు కదా, మమ్మల్ని పోనివ్వండి!"

ముసలావిడ అమ్మాయి చీర కొంగు చేతిలోకి తీసుకుని, నేత మీద వేలితో రాసింది. "పాత సీర. ఎవర్దమ్మా?"

"మా అమ్మది."

"అమ్మ నేదా?"

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అంతే. అక్కడే రోడ్డు మధ్యలో ఆ కెమెరా స్టాండు పట్టుకుని ఏడ్చేసింది. ఏడు నెలల "పర్లేదు" అంతా ఒక్కసారి బయటికొచ్చింది. అబ్బాయి ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. నేను పేడ కారుతూ ఆకాశం వైపు చూశాను. మనిషి కనబడని చోటు వెతికి ఇచ్చినందుకు నేను మురిసిపోయాను గాని, ఆ పిల్ల ఒక్క మనిషి కోసం చూస్తోందని రెండు నిమిషాల్లో కనిపెట్టింది ఆ ముసలావిడ.

ఆ ఊరికి సిగ్నల్ లేదు. ఊరి వెనుక గుట్ట మీద ఒక బండ ఉంది. దాని మీదికెక్కి తూర్పుకు తిరిగితే ఫోన్ పలుకుతుంది. ముసలావిడ, వంటావిడ, అమ్మాయి, అబ్బాయి, నేను ఎక్కాం. కూతురి నంబరైతే తండ్రి ఎత్తడు గనక నా ఫోన్‌తో, స్పీకరు పెట్టి చేశాం. ముసలావిడ దాన్ని ముఖానికి అద్దంలా ఎదురుగా పట్టుకుంది.

"ఎవరండీ?" గట్టి గొంతు. గుడిలో ప్రకటనలు చదివే గొంతు.

"బాబూ, నీ గుంట మా కాడుంది."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. తరువాత, "ఎవరు మీరు? నా బిడ్డ మీద చెయ్యి వేశారంటే..."

"సెయ్యెందుకేత్తాం నాయినా? తలకి నూనె రాత్తాం."

"ఎంత కావాలో చెప్పండి. పోలీసులకు చెప్పను."

ముసలావిడ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి వంటావిడను అడిగింది. "ఏటి కావాలంతన్నాడీయన?"

"మనం ఎత్తుకొచ్చేసినాం అనుకుంతన్నాడు పెద్దమ్మా."

"ఓలమ్మో! ఎత్తుకురావడానికి ఇదేటి, మేకపిల్లా?" అని ఫోను మళ్ళీ ముందుకు తెచ్చుకుంది. "డబ్బులొద్దు బాబూ. నీ గుంట లేసొచ్చింది. మా రోడ్డు మీదకొచ్చింది గనక నీకు సెప్పాల, సెప్పినాం. ఇప్పుడు నువ్ సెప్పు. వత్తావా, రావా? రానంటే ఈ గుంట మా ఇంటి గుంటే. మేవే తండ్రి, మేవే తల్లి."

"నా కూతురికి మీరు తండ్రేంటమ్మా?"

"అదే నానూ అడుగుతన్నాను. మరెవులు?"

 సిగ్నల్ పోయిందేమోనని నేను తూర్పుకు తిప్పబోయాను. అప్పుడు అటునుంచి గొంతు వచ్చింది. ఈసారి ప్రకటనలు చదివే గొంతు కాదు.

"దానికి ఇవ్వండి."

అమ్మాయి ఫోన్ తీసుకుని అటు తిరిగింది. ఏం మాట్లాడుకున్నారో మేము వినలేదు. వినకూడదని వంటావిడ మమ్మల్నందరినీ బండ దించేసింది. కాసేపటికి ఫోన్ నా చేతికొచ్చింది.

"మేనేజరు గారేనా? పెళ్ళి ఏ గుడిలో?"

"గుడి కాదండీ. కాఫీ తోట."

"కేథలిక్కుల తోటా?"

"ఒక గిరిజన రైతుదండీ. కాఫీ మొక్కలను ఎవరూ ఇంకా మతం అడగలేదు."

"ప్రార్థన ఎవరు చేస్తున్నారు?"

చెప్పాను. ఊపిరి పీల్చుకున్నాడు. "నేనొచ్చేదాకా ఆపండి. బయల్దేరుతున్నాను."

కిందికి దిగితే ముసలావిడ అబ్బాయిని పట్టుకుంది. గుంట తండ్రి వస్తుంటే గుంటడి తరఫువాళ్ళు ఎదురెళ్ళి మాట్లాడాలి, అదీ క్రమమే. వాడు బండెక్కి తల్లికి చెప్పాడు. ఆమె మాటలు కిందిదాకా వినబడ్డాయి.

"వాళ్ళ నాన్న వస్తున్నాడా? ఎప్పుడు బయల్దేరాడు? అయితే నేను ఆయనకంటే ముందుంటాను!"

అలా రెండు కార్లు విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డు మీదికి పరుగందుకున్నాయి. వాళ్ళిద్దరికీ తెలియనిది నాకు తెలుసు. లోయ మొదట్లోంచి మా ఊరి దాకా బొంగులున్నాయి.

అమ్మాయిని ఆడవాళ్ళు ముసలావిడ ఇంట్లోకి తీసుకుపోయారు. మగవాళ్ళకు ప్రవేశం లేదు. నేను పక్కనున్న గెడ్డలో, కొండ వాగు నీళ్ళలో స్నానం చేశాను. నా చొక్కా ఇక పనికిరాదు గనక డ్రైవరు జీపులోంచి ఒక టీషర్టు తీసి ఇచ్చాడు. ఏదో పురుగుమందు ప్రచారంలో పంచినది. ముందు పెద్ద పురుగు వెల్లకిలా పడి ఉంటుంది, వెనుక "ఒక్క దెబ్బ చాలు" అని రాసి ఉంటుంది. ఇంతకన్నా పొడిగా ఉన్నది అక్కడ ఇంకేదీ లేదు.

ఏడింటికి రావలసిన పాస్టరు గారు పదకొండింటికి వచ్చారు. మోటారు సైకిలు నెట్టుకుంటూ, నడుము పట్టుకుని.

"మూడు గేట్లు," అన్నారు.

"ఆడారా అయ్యగారూ?"

"లేదు. నేను నిలబడ్డాను. వాళ్ళు నా చుట్టూ ఆడారు. మధ్యలో ఉన్నవాడు తిరగక తప్పదు గదా." తరువాత నా టీషర్టును పైనుంచి కిందిదాకా చదివారు. ఏమీ అనలేదు. మంచి కాపరి.

మధ్యాహ్నం రెండైంది. మబ్బు కమ్మింది. కొండ మీద వేసవి వాన మూడు చినుకులతో మొదలుపెట్టదు, ఒకేసారి పడుతుంది. అవతల తోటలో తెల్లగా పూసిన పూత అంతా ఆ వానలో రాలుతోందని, ఎవరూ చెప్పకుండానే వాసన చెప్పింది. నేను ఇంత లెక్క చూసి ఏరిన సీజన్ కళ్ళముందే మట్టిలో కలుస్తోంది. అబ్బాయి వసారాలో కూర్చుని, ఇంటి గుమ్మం వైపు, రోడ్డు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"రాకపోతే అంకుల్?" అన్నాడు మెల్లగా. "ఇంకొకసారి ఆశపెట్టి ఆయన రాకపోతే తను తట్టుకోలేదు. అందుకే ఎవరూ వద్దన్నది."

 ప్రార్థించాను. పూల కోసం కాదు.

అప్పుడు మలుపులో రెండు హారన్లు వినబడ్డాయి. ఒక కారు వెనుక ఒక కారు, బొంగు ముందు ఆగిపోయాయి. ముందు కారులోంచి అబ్బాయి తల్లి, రెండో కారులోంచి అమ్మాయి తండ్రి దిగి, ఒకే గొడుగు కిందికి చేరారు. మూడు గేట్ల దగ్గర ఒకరి వెనుక ఒకరు ఆగి, దాటడానికి చేతిలోది ఇచ్చేస్తూ పోతే ఆఖరికి ఒక్క గొడుగే మిగిలిందట. ఇద్దరూ రెండు వైపులకు ముఖం తిప్పుకుని దాన్ని మధ్యలో పట్టుకున్నారు. తండ్రిది ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, చంకలో వేదగ్రంథం.

ముసలావిడ చేతిలో మళ్ళీ కుండ కనబడింది.  "వద్దమ్మా, ఆయన సెక్రటరీ!" అని అరుస్తూ వానలో పరుగెత్తాను. నా అరుపు విని, నా టీషర్టు చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

ముసలావిడ నన్ను పక్కకు తోసేసింది. "ఎందుకా గోల? ఇవి మంచి నీలే," అంది. ఆ పెద్దమనిషి ముందు బురదలో కూర్చుంది. ఆయన బూట్లు విప్పించి, మేజోళ్ళు తీయించి, ఆ కుండలో నీళ్ళతో ఆయన పాదాలు కడిగింది. పిల్లనిచ్చే తండ్రి కొండెక్కి వస్తే ఆ ఊళ్ళో చేసే మర్యాద అది. తరువాత అబ్బాయి తల్లి పాదాలూ కడిగింది.

రెండు వారాల కింద, ఈస్టర్ ముందటి గురువారం నాడు, ఇద్దరూ తమ తమ గుళ్ళలో, యేసు శిష్యుల కాళ్ళు కడిగినట్టు పాదాలు కడిగే ఆరాధన చూసే ఉంటారు. ఏ గుడి గొప్పదో సంవత్సరంన్నర పోట్లాడిన ఇద్దరూ, గుడే లేని రోడ్డు మీద, వట్టి కాళ్ళతో నిలబడిపోయారు.  ఆ తండ్రి గొడుగును ఆమె వైపు ఒక జానెడు జరిపాడు. అది నేను చూశాను.

"ఇప్పుడు ఆట," అంది మా వంటావిడ, నా వైపు చూడకుండా.

వాళ్ళ ధింసా ఆటలో ఒకరి నడుము వెనుక నుంచి ఒకరు చేతులు కలపాలి. వాళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టి చేతులు కలిపించారు. సెక్రటరీ గారు కానుకల పళ్ళెం మోస్తున్నట్టు నడిచారు. ఆమె ఆయన కాలు రెండుసార్లు తొక్కింది. రెండోసారి అనుకోకుండా తొక్కలేదని నా అనుమానం. బొంగు లేచింది.

గుమ్మంలోంచి అమ్మాయి వచ్చింది. తలకు నూనె, కొప్పులో రాలకుండా మిగిలిన కాఫీ పూలు, మీద తల్లి చీర. తండ్రికి రెండడుగుల దూరంలో ఆగింది.

"సారీ నాన్నా. అమ్మ పాడిన గుడి కాదిది."

ఆయన చీరను చూశాడు.  "పాట గుడిది కాదు. మీ అమ్మది," అన్నాడు.

ఆ వసారాలోనే ప్రమాణాలయ్యాయి. తోటకు వెళ్ళలేదు. పాస్టరు గారు ప్రార్థన ముగించగానే తండ్రి, భార్య పాడే పాట ఎత్తుకున్నాడు. ఆయనకు సంగీతం రాదు. అబ్బాయి తల్లికి కూడా అదే పాట తెలుసు, కాని వాళ్ళ గుడి రాగంలో. ఆమె తన రాగంలో అందుకుంది. ఒక చరణం అంతా ఆయనొక దారి, ఆమె ఒక దారి. ఎవరూ తగ్గలేదు. చివరికి డప్పు కొట్టే ఆయన విసిగి తనకు తెలిసిన దెబ్బ వేశాడు. ఇద్దరూ దానికి లొంగక తప్పలేదు. ఆమెన్ దగ్గరకు కలిసే చేరారు.

ఆ రోజు ఫోటోల్లో కాఫీ పూత లేదు. వాన ఉంది, నలభై మంది ఆడవాళ్ళున్నారు, వెల్లకిలా పడిన పురుగుతో నేనున్నాను. పిల్లలిద్దరూ ఆ ఫోటోను పెద్దది చేయించి ఇంట్లో గోడకు పెట్టుకున్నారు. చూసినవాళ్ళు ముందు నన్నే అడుగుతారట.

మర్నాడు వంటావిడ పొద్దున్నే వచ్చి వంటింటి గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడింది.

"సంఘంలో సెప్పేత్తారా అయ్యగారూ?"

"ఏమని? నాకు పేడ నీళ్ళు పోశారనా?"

నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. మరుసటేడు చీటీలో "పండగకి" అని రాయించింది. నేను సంతకం పెట్టాను. దాని మీద మా సంఘంలో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. నావి కూడా ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. కాని ముప్పై ఏళ్ళు చూడవద్దన్న వైపు నుంచే దేవుడు ఒక తండ్రిని కొండెక్కించాడు. ఆయన ఏ దారిన వస్తాడో నేను గేటు కట్టలేను.

ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి, ఇద్దరమే వచ్చి పెళ్ళి చేసుకుంటాం, ఏ సీజన్ మంచిదని అడుగుతారు. క్యాలెండర్ తీయను. ఎవరి ఫోన్ మీరు ఎత్తడం లేదు, మీ ఫోన్ ఎవరు ఎత్తడం లేదు, ముందు అది చెప్పమంటాను. రిటైరయ్యాక కూడా ఏటా ఆ వారం ఆ ఊరికి వెళ్తున్నాను. బొంగు దగ్గర ముసలావిడ కుండ పట్టుకుని నిలబడే ఉంటుంది. అందుకే ఖాళీ చేతులతో వెళ్ళను. ఒక మిఠాయి పొట్లమో, కొత్త చీరో, ఏదో ఒకటి.

ఇక్కడిదాకా చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. ఫోన్ ఎత్తని తండ్రుల కోసం, పర్లేదు అంటున్న పిల్లల కోసం అడుగుదాం. బురదలో కూర్చుని ఎవరి కాళ్ళో కడిగిన ఆ ముసలి చేతులను దీవించమని అడుగుదాం. చివరిగా మన కోసం కూడా అడుగుదాం. ఒకరోజు మనమూ ఆ ఆఖరి గేటు దగ్గరికి వెళ్తాం. ఏం తెచ్చావని అక్కడ తప్పక అడుగుతారు. ఆ రోజు వట్టి చేతులతో నిలబడకుండా, దారిలో ఎవరినైనా ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళే కృప మనకు దయచేయమని, నాతో పాటు మీరూ అనండి. ఆమెన్.